టేబుల్ మారిస్తే పూల్ మారుతుందా? మూడు వెరైటీ టేబుళ్లున్న మా ఏరియా హాల్ రివ్యూ

మా కూకట్‌పల్లి వైపు ఒక పూల్ హాల్ ఉంది, పేరు మాత్రం రాయట్లేదు ఎందుకంటే మధ్యలో కొంచెం తిట్టబోతున్నా. ఆరు టేబుళ్లు. మూడు మామూలు అమెరికన్ పూల్ టేబుళ్లు, మిగతా మూడు ఓనర్ అన్న "ఎప్పుడూ అదే ఆట, జనానికి బోర్ కొడ్తుంది, టేబులే మార్చేద్దాం" అని పట్టుబట్టి తెచ్చినవి. ఒకటి ఎలిప్స్ షేప్ (సాగదీసిన గుండ్రం), ఒకటి మధ్యలో బంపర్లు ఉన్న ఎనిమిది మూలల టేబుల్, ఇంకోటి చైనీస్ ఎయిట్ బాల్ టేబుల్, దాన్నే ఇప్పుడు హేబాల్ అంటున్నారు. మూడింటి మీదా బాగానే ఆడాం కాబట్టి డీటైల్‌గా రాస్తున్నా. తీర్పు ముందే కావాలనుకునేవాళ్లకి: చైనీస్ టేబుల్ కోసం వెళ్లండి, మిగతా రెండూ అది దొరికేదాకా టైంపాస్.

అసలు మామూలు టేబుల్‌కి ఏం రోగం అని అడుగుతారు కదా. తొమ్మిదడుగుల పూల్ టేబుల్ మీద ఆడే జాగా 100 ఇంచుల పొడవు, 50 ఇంచుల వెడల్పు. బాల్ రెండుంపావు ఇంచులు. మూల పాకెట్ నోరు మామూలుగా నాలుగున్నర ఇంచులు ఉంటుంది, అంటే రెండు బాల్స్ పక్కపక్కన పెట్టినా పట్టేంత. దానికి తోడు పాకెట్ దగ్గర కుషన్ (టేబుల్ అంచున ఉండే రబ్బరు గట్టు) చివరని 142 డిగ్రీల యాంగిల్లో సాఫీగా కోసేసి ఉంటారు, గురి కాస్త తప్పి బాల్ ముందు కుషన్‌ని రాసుకున్నా చక్కగా లోపలికే జారిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఇది వరం. కానీ కొంచెం చెయ్యి తిరిగినోడు ఎదురుగా ఉన్నాడనుకోండి, బ్రేక్ (గేమ్ మొదలుపెట్టే షాట్) కొట్టాక ఇంక దిగడు, మనం కుర్చీలో కూర్చుని ఫోన్‌లో రీల్స్ చూసుకుంటూ మధ్యమధ్యలో "సూపర్ షాట్ మామా" అనడమే పని, దానికి తోడు ఓడినోడే బిల్లు కట్టాలి. ఓనర్ అన్న బాధ కరెక్టే అన్నమాట. మందు దగ్గరే తేడా.

ఫస్ట్ ఎలిప్స్ సంగతి. లోపలికి రాగానే అందరూ ఫోటో తీసుకునేది దీని దగ్గరే. పాకెట్ ఒక్కటే ఉంటుంది, అది కూడా అంచున కాదు, టేబుల్ లోపలే ఒక ఫోకస్ (ఎలిప్స్ లోపల ఉండే రెండు ప్రత్యేక బిందువుల్లో ఒకటి) దగ్గర రంధ్రం. రెండో ఫోకస్ దగ్గర నల్ల చుక్క. ఇంటర్ ఎంపీసీ వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఎలిప్స్‌లో ఒక ఫోకస్ నుంచి బయల్దేరింది అంచుకి ఎక్కడ తగిలినా రెండో ఫోకస్‌కే వస్తుంది. కాబట్టి చుక్క మీద బాల్ పెట్టి కళ్లు మూసుకుని ఎటు కొట్టినా ఒక్క కుషన్ తగిలి రంధ్రంలో పడాలి. ఐడియా మన అన్నది కాదులెండి, 1964లోనే అమెరికాలో ఎలిప్టిపూల్ అని ఇలాంటిది మార్కెట్‌లోకి తెచ్చి హీరో పాల్ న్యూమన్‌తో ఒక స్టోర్‌లో ఆడించారు, 2015లో బ్రిటన్‌లో అలెక్స్ బెల్లోస్ అనే లెక్కల రచయిత లూప్ అని ఇంకోటి చేయించాడు. మా హాల్‌లో కూడా లూప్ లాగే నాలుగే బాల్స్‌తో ఆడిస్తారు, వైట్, బ్లాక్, రెండు రంగులవి.

మరి పడుతుందా అంటే, మెల్లగా కొడితే పడుతుంది. మార్కర్ తమ్ముడు, అంటే హాల్‌లో టేబుళ్లు చూసుకునే కుర్రాడు, మొదటే చెప్పాడు, "అన్నా దీని మీద జర మెల్లగ కొట్టుర్రి, జోరుగ కొడితే పడదు" అని. నిజమే. గట్టిగా కొడితే రబ్బరు లోపలికి నొక్కుకుపోయి బాల్ వచ్చిన యాంగిల్లో తిరిగి పోదు, ఇంకొంచెం నిటారుగా బయటికొస్తుంది, సైడ్ స్పిన్ ఎక్కితే ఇంక చెప్పక్కర్లేదు. జామెట్రీ పుస్తకంలో కుషన్‌కి రబ్బరు ఉండదు కదా.

దీంట్లో నాకు నిజంగా నచ్చింది ఒకటుంది. బాల్ రెండు ఫోకస్‌ల మధ్యలోంచి కాకుండా బయటివైపు నుంచి పోతే, ఎన్ని కుషన్లు తగిలినా అంచు చుట్టూనే తిరుగుతుంది తప్ప ఆ రెండు చుక్కల మధ్యకి రాదు, ఇది కూడా లెక్క ప్రకారం గ్యారంటీనే. అంటే బ్లాక్‌ని ఒక యాంగిల్లో కొట్టగానే "ఇది జన్మలో పడదు" అని ముందే తెలిసిపోతుంది, అయినా అది తిరుగుతుంటే ఆగేదాకా చూస్తాం. పడాలంటే బాల్ ఆ చుక్క మీద నుంచి వస్తున్నట్టు ఊహించుకుని కొట్టాలి. ఇది పట్టుబడ్డాక కాసేపు మహా సరదాగా ఉంటుంది. తర్వాత ఆడినంతసేపూ అదొక్క ట్రిక్కే. పజిల్ విప్పేశాక మళ్లీ అదే పజిల్ ఎవరు ఆడతారు చెప్పండి.

ఇంక తయారీ. ఇక్కడే నాకు మండింది. బెడ్ (బాల్స్ దొర్లే పలక) స్లేట్ రాయి కాదు, ఎమ్‌డీఎఫ్, అంటే చెక్కపొడి అతికించి చేసిన పలక. ఓవల్‌గా రాయి కోయించాలంటే చాలా ఖర్చు అన్నాడు అన్న, ఒప్పుకుంటా, కానీ వర్షాకాలంలో ఆ చెక్క తేమ పీల్చి ఒకవైపు ఉబ్బింది. వైట్‌ని ఊరికే మధ్యలో పెట్టి వదిలేస్తే అదే మెల్లగా కౌంటర్ వైపు నడుచుకుంటూ పోతుంది. కుషన్ రబ్బరు అయితే నేరుగా ఉండే టేబుళ్లకి వాడేదే, దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి వంపు తిప్పి అతికించారు. అతుకు మీద బాల్ తగిలితే టప్‌మని ఒక చచ్చు సౌండ్, బాల్ అక్కడే కూలబడుతుంది. చిన్న చివర ఎడమ పక్కన ఉన్న అతుకు మరీ ఘోరం. లండన్‌లో థర్స్టన్ అనే ఆయన 1826లో స్లేట్ బెడ్డు, 1835లో రబ్బరు కుషన్లు తెచ్చాకే ఈ ఆట ఒక దారిన పడింది, అంతకుముందు చెక్క బల్లలు, గుడ్డలు కుక్కిన అంచులు. మా అన్న కొత్త ఆట పెడతానని మమ్మల్ని రెండొందల ఏళ్లు వెనక్కి తీసుకెళ్లాడు.

బంపర్ టేబుల్ గురించి ఎక్కువ రాయను. నాలుగడుగుల ఎనిమిది మూలల బల్ల, పాకెట్లు రెండే, ఎదురెదురుగా. మొత్తం పన్నెండు బంపర్లు, అంటే చుట్టూ రబ్బరు రింగు ఉన్న పొట్టి స్తంభాలు, ఎనిమిది మధ్యలో గుంపుగా, మిగతావి ఒక్కో పాకెట్‌కి రెండు పక్కలా కాపలా. ఒక్కొక్కరికీ ఐదు బాల్స్, వైట్‌తో కొట్టడం అనేదే ఉండదు, ఎవరి బాల్‌ని వాళ్లు డైరెక్ట్‌గా క్యూతో (కొట్టే కర్రతో) కొట్టి ఎదుటి పాకెట్‌లో వేయాలి, గుర్తు ఉన్న బాల్ ముందు వేయాలి, ఆ తర్వాతే మిగతావి. నేరుగా కొట్టడానికి దారి ఉండదు కాబట్టి మొదటి షాట్ నుంచే డబుల్ కొట్టడం, అంటే బాల్‌ని కుషన్‌కి తగిలించి తిప్పి వేయడం, నేర్చుకోవాల్సిందే, ఆ రకంగా ప్రాక్టీస్‌కి మంచిది. జాగా తక్కువ, పొట్టి క్యూ చాలు, ఫ్యామిలీతో వచ్చినవాళ్లు పిల్లల్ని ఇక్కడ వదిలేసి వాళ్లు ఆడుకుంటారు. కానీ మధ్యలో ఆ గుంపులోకి బాల్ దూరిందంటే ఎటు బయటికొస్తుందో దేవుడికే తెలియాలి, అప్పుడు గెలిచినోడు కూడా ఫ్లూక్ అని నవ్వుకోవాల్సిందే. టేబుల్ మీద అడ్డాలు పెట్టడం కొత్తేం కాదు కూడా, యూరప్‌లో పాత కాలం బిలియర్డ్స్ బల్లల మీద ఒక కమాను, ఒక గుంజ ఉండేవి, ఆట ముదిరేకొద్దీ వాళ్లే పీకేశారు.

ఇప్పుడు అసలు టేబుల్.

చూడ్డానికి ఏం మారినట్టు ఉండదు. అదే తొమ్మిదడుగులు, అవే పూల్ బాల్స్, అదే ఎయిట్ బాల్. 1980ల నుంచి చైనాలో స్నూకర్, పూల్ రెండూ పక్కపక్కనే పెరిగి చివరికి కలిసిపోయి పుట్టిన టేబుల్ ఇది. పూల్ టేబుల్ సైజు అలాగే ఉంచి స్నూకర్ కుషన్లు, స్నూకర్ పాకెట్లు తగిలించారు, అంతే మార్పు. ఆ అంతేలోనే ఉంది మొత్తం. పాకెట్ సుమారు 85 మిల్లీమీటర్లు, బాల్ 57. అమెరికన్ టేబుల్‌లో ఇదే బాల్‌కి 114 మిల్లీమీటర్ల నోరు ఇస్తారు. స్నూకర్‌లో పాకెట్ చిన్నదే అయినా బాల్ కూడా చిన్నది, 52.5, ఇక్కడ ఆ జాలి కూడా లేదు.

సైజు కన్నా ముఖ్యం పాకెట్ చెంపలు, అంటే నోటికి రెండు పక్కలా ఉండే కుషన్ చివరలు. ఇవి సాఫీగా కోసినవి కాదు, గుండ్రంగా లోపలికి వంగి ఉంటాయి. మొదటి గేమ్‌లో మా వాడు తొమ్మిదో నంబర్ బాల్‌ని కుషన్ పక్కనే పొడవునా కొట్టాడు, మామూలు టేబుల్ మీద నిద్రలో కూడా పడే షాట్. బాల్ పాకెట్‌కి ఒక జానెడు ముందు కుషన్‌ని అలా ముద్దుపెట్టుకుంది, దగ్గరి చెంపకి కొట్టుకుని ఎదుటి చెంపకి, మళ్లీ ఇటు, టకటకమని మూడు సార్లు ఊగి బయటికొచ్చి పాకెట్ నోట్లోనే నిలబడిపోయింది. వాడు పాకెట్ దగ్గరికెళ్లి వేలు పెట్టి చూశాడు ఏదైనా అడ్డం ఉందేమోనని.

అసలు మజా ఆ తర్వాత తెలిసింది. నోట్లో ఆగిన బాల్ అవతలోడికి అడ్డుగోడ. పెద్ద పాకెట్ అయితే పక్కనుంచి దూర్చేయొచ్చు, ఇక్కడ సందు లేదు. వాడి తొమ్మిది అక్కడున్నంతసేపు ఆ మూల నాకు మూతపడినట్టే, నేను నా ఫుల్స్ (ఒకే రంగు నిండుగా ఉన్న నా బాల్స్) అన్నీ మిగతా ఐదు పాకెట్లలో ఎలా సర్దాలా అని తల పట్టుకున్నా. దాంతో ఏమైందంటే, పడే ఛాన్స్ లేనప్పుడు ఊరికే గట్టిగా బాదడం మానేసి, మన బాల్‌ని మెల్లగా ఒక పాకెట్ ముందు పార్క్ చేయడం, వైట్‌ని వాడికి కనపడకుండా దాచడం, ఇవన్నీ మొదలయ్యాయి. రోజూ ఆడే వాళ్లమే, కానీ ఒక షాట్ కొట్టకుండా వదిలేయడం కూడా ఆటలో భాగమని ఈ టేబుల్ మీదే బుర్రకెక్కింది. కుర్చీలో కూర్చున్నోడు ఫోన్ తీయట్లేదు, ఏ షాట్‌కి తన వంతు వస్తుందో తెలీదు కాబట్టి. స్నూకర్ వరల్డ్ చాంపియన్లు స్టీఫెన్ హెండ్రీ, మార్క్ సెల్బీ లాంటోళ్లు కూడా ఈ టేబుల్ మీదకి వచ్చి ఆడారంటే ఊరికే కాదు.

నైన్ బాల్ అనే ఇంకో పూల్ ఆట ప్రొఫెషనల్ టోర్నీలు కొన్నింటిలో కూడా ఈ మధ్య పాకెట్లని 4 ఇంచులకి బిగించారు, కారణం ఇదే, ప్లేయర్లు మరీ ఈజీగా టేబుల్ క్లీన్ చేసేస్తున్నారు. మన దేశంలో పుట్టిన స్నూకర్‌నే చూడండి, 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చాంబర్లిన్ అనే ఆర్మీ ఆఫీసర్ టేబుల్ జోలికే పోలేదు, ఉన్న బిలియర్డ్స్ టేబుల్ మీదే రంగు బాల్స్ కలిపాడు, ఆట పుట్టేసింది. షేప్ మార్చి ఫోటోలకి పెట్టడం వేరు, అవతలోడిని ఆలోచనలో పడేయడం వేరు. ఒక్క రష్యన్ పిరమిడ్ (రష్యా వాళ్ల బిలియర్డ్స్) మాత్రం నాకు ఓవర్ అనిపిస్తుంది, అక్కడ 68 మిల్లీమీటర్ల బాల్‌కి మూల పాకెట్ నాలుగైదు మిల్లీమీటర్లే ఎక్కువ ఉంటుంది, అది ఆట కాదు పగ.

కంప్లైంట్లు లేవా అంటే ఉన్నాయి. గుడ్డ స్నూకర్ గుడ్డ, సన్నటి నూగు ఉంటుంది, దాన్ని ఒకే దిక్కుకి బ్రష్ చేయాలి, మా హాల్‌లో సాయంత్రం రష్ అయ్యేసరికి ఎవడూ ముట్టుకోడు, మెల్లగా కొట్టిన బాల్ చివర్లో పక్కకి వాలిపోతుంది. అడిగితే మార్కర్ తమ్ముడు వెంటనే చేసిపెడతాడు, పాపం ఒక్కడే ఆరు టేబుళ్లు చూసుకోవాలి. క్యూలు ఇంకో గోల. 13 మిల్లీమీటర్ల పూల్ టిప్ ఉన్నవే ఎక్కువ పెట్టారు, ఈ టేబుల్‌కి 11 దగ్గర ఉంటే హాయిగా ఉంటుంది, ఉన్న రెండు సన్నవాటిలో ఒకటి వంకర. బల్ల మీద దొర్లించి చూసుకుని తీసుకోండి. ఇంకోటి, గేమ్ లేటవుతుంది. మామూలు టేబుల్ మీద గంటలో ఆరేడు గేములు లాగించే వాళ్లం ఇక్కడ మూడు దాటట్లేదు, బిల్లేమో గంట లెక్క. అన్నకి ఆట మీద ప్రేమా, గంటల మీద ప్రేమా అని ఒక డౌట్ ఉండనే ఉంది. మొహం మీదే అడిగితే నవ్వి చాయ్ చెప్పాడు.

బొత్తిగా కొత్తవాళ్లయితే డైరెక్ట్‌గా ఈ టేబుల్ మీదకి రాకండి, ఒక్క బాల్ పడక విసుగొచ్చి మళ్లీ క్యూ పట్టరు. ముందు మామూలు దాని మీద కొన్నాళ్లు చెయ్యి సాఫ్ చేసుకోండి.

రేట్లు: మామూలువి గంటకి 200, చైనీస్ టేబుల్ 280, బంపర్‌ది అరగంటకి 80, ఎలిప్స్ 150. ఏసీ బాగానే ఉంది, లైట్ మాత్రం చైనీస్ టేబుల్ మీద ఒక మూల నీడ పడుతుంది. బండి పార్కింగ్ ఉంది, కారుకి లేదు. శని ఆదివారాలు సాయంత్రం ఆరు తర్వాత చైనీస్ టేబుల్‌కి వెయిటింగ్ గ్యారంటీ, ఫోన్ చేసి రాయించుకుని బయల్దేరండి. ఎలిప్స్ కోసం ఫోన్ అక్కర్లేదు, ఎప్పుడెళ్లినా ఖాళీయే.