విశాఖలో పాత గోడల వెంట: ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

పాత కట్టడాలని బాగుచేసే బెన్నీ కురియకోస్ పేరు మనవైపు పెద్దగా వినపడదు. కేరళ మనిషి. సివిల్ ఇంజనీరింగ్ చదివి, తక్కువ ఖర్చు ఇళ్లకి పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ దగ్గర పని నేర్చుకుని, ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని యార్క్‌లో పాత కట్టడాలని కాపాడే చదువు చదువుకున్నారు. కొడుంగల్లూరులో చేరమాన్ మసీదుకి తర్వాతి రోజుల్లో తగిలించిన కాంక్రీటుని తీసేసి, పాత రూపాన్ని బయటికి తెచ్చిన ఆర్కిటెక్ట్ ఆయనే. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రకి, అంటే దక్షిణాది పాత ఇళ్ల మ్యూజియానికి, బేకర్ వేసిన ఆలోచనని దగ్గరుండి నిలబెట్టిందీ ఆయనే. అక్కడ చెట్టినాడు, కేరళ ఇళ్లతో పాటు మన కోస్తా నుంచి ఒక గుండ్రటి మట్టిల్లు ఉంటుంది. విశాఖ దగ్గర హరిపురం చుట్టిల్లు అది. రాజమండ్రి వాళ్లం, మన వైపు ఇంటిని చెన్నైలో టికెట్ కొనుక్కుని చూశాం!

అందుకే ఈసారి వైజాగ్ వెళ్లినప్పుడు కైలాసగిరి కొండ, సబ్‌మెరైన్ మ్యూజియం పక్కన పెట్టేసి పాత కట్టడాలు మాత్రమే చూద్దామని నేనూ మా ఆవిడా అనుకున్నాం. ప్రతిచోటా ఒకటే చూడాలనుకున్నాం. దీన్ని ఎవరు బాగుచేశారు, ఏం పెట్టి బాగుచేశారు అని.

ముందు చుట్టిళ్ల కోసం అచ్యుతాపురం వైపు వెళ్లాం. ఇప్పుడది అనకాపల్లి జిల్లా. గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా బస్సులు ఉన్నాయి గానీ, లోపలి పల్లెలకి దిగాక వాహనం దొరకదు. రోజు మొత్తానికి కారు మాట్లాడుకోవడమే నయం. రోడ్డుకి ఒకవైపు ఫ్యాక్టరీలు, ఇంకోవైపు జీడితోటలు, తాటిచెట్లు. చుట్టిళ్లు వరసగా కనిపిస్తాయని వెళ్తే నిరాశే. స్లాబు ఇళ్ల వెనక, పశువుల పాకల పక్కన ఒకటీ అరా మిగిలాయి.

ఒక మామ్మ పిలిచి చూపించింది. "తల ఒంచుకుని రా బాబూ, సూరు తగుల్తాది" అంటూనే ఉంది, నాకు తగలనే తగిలింది. తాటాకు కప్పు నడుం ఎత్తు దాకా దిగి ఉంది. గోడ మట్టిది, నా మూర పొడవుకి దగ్గరగా మందం. లోపల దూలాల మీద కర్రలు పరిచి మట్టి మెత్తిన అటక ఉంది. కప్పుకి నిప్పంటుకున్నా అటక కింద సామాను దక్కుతుందట. బయట ఎండ మండిపోతోంది, లోపల ఫ్యాను లేకపోయినా చెమట పట్టలేదు. గాలివాన వస్తే గుండ్రటి గోడకి మూలలుండవు కాబట్టి గాలి ఒక్కచోట కొట్టకుండా చుట్టూ జారిపోతుంది. కప్పు కిందికి దిగి ఉండటంతో దాని కిందికి దూరి లేపేసే సందు గాలికి దొరకదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు సంగతి అడిగితే, "రేకులెగిరిపోనాయి గానీ ఇది కదల్నేదు" అంది మామ్మ. మరి కొత్తవి ఎందుకు కట్టట్లేదంటే, తాటాకు కొన్నేళ్లకోసారి మార్చాలి, నేసేవాళ్లు లేరు, ప్రభుత్వం ఇంటికి డబ్బు స్లాబుకే ఇస్తుంది. ఆవిడ కొడుకు మాత్రం ఎప్పుడు పీకేద్దామా అని చూస్తున్నాడు. అతన్ని తప్పుపట్టలేం, కప్పు నేయించడానికి డబ్బు పెట్టాల్సింది అతనే కదా.

ఈ యాత్రలో నా లెక్కన మొదటి మార్కు దీనికే. టికెట్ లేదు, బోర్డు లేదు. అవతలివాళ్ల ఇల్లు అది, అడక్కుండా ఫోటోలు తియ్యొద్దు.

మర్నాడు వన్ టౌన్, అంటే విశాఖ పాత ఊరు. ఇక్కడ నడవాల్సిందే, కారు దండగ. పొద్దున్నే టిఫిను తిని, ఎండెక్కకముందే కురుపాం మార్కెట్ కమాను, విక్టోరియా రాణి విగ్రహం, టౌన్ హాల్ చూసుకుంటూ రాస్ హిల్ దాకా వెళ్లొచ్చు. మూడు గుట్టలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. రాస్ హిల్ మీద 1864లో రాస్ అనే దొర ఇల్లు కట్టుకున్నాడట, తర్వాత అది ప్రార్థనాస్థలమైంది. పైనుంచి చూస్తే 1933లో మొదలైన హార్బరంతా కాళ్ల కింద ఉంటుంది. ఈ ఊళ్లో డబ్బు పెట్టి చూసే వ్యూ పాయింట్లన్నిటికంటే ఇది బాగుంది.

కట్టడాల సంగతికొస్తే మనసు కలుక్కుమంది. ఒక సందులో పాత మేడ గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాం. సున్నం, ఇటుక గోడ. కింది సగానికి ఎవరో సిమెంటు పూశారు. పైన ఉన్న పాత సున్నం నల్లబడినా గట్టిగానే ఉంది. కింద సిమెంటు మాత్రం బొబ్బలెక్కి, వేలితో తడితే తెల్లటి ఉప్పు రాలింది. సున్నం గోడ నేల నుంచి పీల్చిన తడిని బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ తడికి దారి ఉండదు, సముద్రపు ఉప్పుతో కలిసి లోపల ఇటుకనే తినేస్తుంది. బాగుచేద్దామనే పూసి ఉంటారు, పాపం. కురియకోస్ లాంటివాళ్లు పాత గోడకి దాని పాత సరుకే వాడాలని పట్టుబట్టేది ఇందుకే. తాపీమేస్త్రీలకి సున్నం పని నేర్పించేవాళ్లు లేకపోతే ఎన్ని కోట్లు మంజూరైనా వన్ టౌన్‌కి ఒరిగేదేమీ లేదు.

భీమిలికి రైల్వేస్టేషన్ నుంచి 900కె బస్సు ఉంది, సముద్రం వైపు సీటు పట్టేయండి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ల సమాధులు అసలు చూడాల్సినవి, కొన్ని పిరమిడ్‌లా కోసుగా లేచి ఉంటాయి. అక్కడ ఎక్కువ మరమ్మతుల జోలికి పోలేదు, అదే బాగుంది. సెయింట్ పీటర్స్ చర్చి రంగు అద్దాల కోసం వెళ్తే ఆదివారం ప్రార్థన వేళకి వెళ్లండి, మిగతా రోజుల్లో తాళమే కనిపించే అవకాశం ఎక్కువ.

దారిలో తొట్లకొండ. నౌకాదళం 1976లో పైనుంచి సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధ ఆరామం. రాతిలో తొలిచిన తొట్లు, విహారాల పునాదులు, ఎదురుగా సముద్రం. తిరిగి కట్టిన మహాస్తూపంలో కొంత భాగం 2019 అక్టోబరు వానలకి కూలిపోయింది. పునాదులు రెండు వేల ఏళ్లుగా వానలకి తట్టుకుంటే, మనం పేర్చింది తట్టుకోలేదు. నన్నడిగితే పునాదుల్ని అలాగే వదిలేసి, పక్కన స్తూపం నమూనా బొమ్మ మంచిది ఒకటి పెడితే సరిపోయేది. నీళ్లు వెంట తీసుకెళ్లండి, పైన నీడ తక్కువ. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం పాత డచ్చి బంగళాలో ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్‌వాళ్లు వేసిన బాంబు అక్కడ పెట్టారు, అది తప్ప మిగతాది త్వరగా అయిపోతుంది.

బస సంగతి. మొదట బీచ్ రోడ్డులో సముద్రం కనిపించే గది తీసుకున్నాం. కిటికీకి ఎదురుగా సముద్రం నిజంగానే ఉంది, గోడకి చెమ్మ కూడా అంతే నిజంగా ఉంది. ఏసీ వాసన గురించి రిసెప్షన్‌లో చెబితే "సీ సైడ్ కదా సార్" అన్నారు. తర్వాత జగదాంబ దగ్గర మామూలు లాడ్జికి మారాం. సగం అద్దె, వేడినీళ్లు, పొద్దున్నే అడగ్గానే కాఫీ. వన్ టౌన్‌కి ఆటోలో కాసేపే. పాత ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లకి ఇదే అనువు. రుషికొండ వైపు దిగితే భీమిలి, తొట్లకొండ దగ్గరవుతాయి గానీ రాత్రి తిండికి రిసార్టు మెనూయే దిక్కు.

ఆటోవాళ్లు స్టేషన్ బయట చెప్పే రేటు నమ్మొద్దు, యాప్‌లో చూసి మాట్లాడండి. కారు డ్రైవరుకి మాత్రం ముందే చెప్పుకోండి. మాకు వచ్చినతను మంచివాడే గానీ, చుట్టిల్లు అనగానే "అక్కడేముంది సార్, కైలాసగిరి రోప్‌వే ఎక్కిస్తా" అని దారి పొడుగునా బతిమాలుతూనే ఉన్నాడు.