తిరుపతిలో కొన్న ఫంగస్ స్లైడ్ల పెట్టె: రైజోపస్ బ్రహ్మాండం, లేబుళ్లే పాతకాలం

బీఎస్సీ పిల్లలకి ప్రాక్టికల్స్ చెప్పడానికని బాలాజీ కాలనీ వైపు ఒక సైన్స్ సామాన్ల షాపులో రెడీమేడ్ స్లైడ్ల పెట్టె తీసుకున్నాను. డబ్బుకి తగ్గ సరుకే.

అందులో రొట్టె బూజు రైజోపస్ స్లైడ్ ఒక్కటి చాలు, కొన్నందుకు తృప్తి. కాటన్ బ్లూ రంగు సమంగా పట్టింది, హై పవర్‌లో పెట్టి మెల్లగా జరుపుతూ పోతే హైఫా (బూజు దారం) పొడుగునా ఎక్కడా అడ్డుగోడ తగలదు, అంతా ఒకే గొట్టం, పైన స్పొరాంజియంలో (బీజాల సంచిలో) కాలుమెల్లా, అంటే మధ్యలో ఉబ్బిన భాగం, గుండ్రంగా స్పష్టంగా కనబడుతుంది. వెంటనే పెన్సిలియం స్లైడ్ మార్చి చూపించండి, వరసగా అడ్డుగోడలు కనబడతాయి, ఇక బోర్డు మీద బొమ్మ గీయక్కర్లేదు. రైజోపస్ చుట్టమైన మ్యూకర్ జైగోస్పోర్ (రెండు దారాలు కలిసి ఏర్పడే బీజం) కూడా నల్లగా, గరుకు గోడతో బాగుంది.

నా గొడవంతా లేబుళ్లతోనే. రైజోపస్, సింకైట్రియం, అల్బుగో మూడింటికీ ‘ఫైకోమైసిటీస్’ అని, అడ్డుగోడల్లేని బూజులన్నిటికీ వాడిన పాత వర్గం పేరుతో, ఒకే ముద్ర కొట్టేశారు! తెల్ల తుప్పు తెగులు తెచ్చే అల్బుగో అసలు శిలీంధ్రమే కాదండీ, ఊమైసిటీ, అంటే శిలీంధ్రంలా కనబడే వేరే వర్గం. దాని గోడలో సెల్యులోజ్ ఉంటుంది, జూస్పోర్‌కి (ఈదే బీజానికి) రెండు ఫ్లాజెల్లాలు (ఈదే తోకలు), చుట్టరికం బ్రౌన్ ఆల్గేతో (గోధుమ నాచుతో). సింకైట్రియం మాత్రం నిఖార్సయిన కైట్రిడ్, అంటే ఈదే బీజాలున్న అసలు శిలీంధ్రం. జూస్పోర్‌కి వెనకవైపు ఒకటే తోక, జంతువుల వీర్యకణాలకి ఉన్నట్టే, అందుకే శిలీంధ్రాల్నీ జంతువుల్నీ కలిపి ఒపిస్తోకాంట్లు (వెనక తోకవాళ్లు) అంటున్నారు. రైజోపస్ వంశానికి ఆ తోక పూర్తిగా పోయింది. 2006లో ఆరు జన్యువులతో కట్టిన వంశవృక్షమైతే శిలీంధ్రాల్లో తోక పోవడం కనీసం నాలుగుసార్లు విడివిడిగా జరిగిందని చూపించింది, పిల్లలకి చెప్పాల్సిన అసలు కథ అది. 2016లో రైజోపస్, మ్యూకర్లుండే జైగోమైకోటా వర్గాన్ని కూడా తీసేసి మ్యూకరోమైకోటా, జూపాగోమైకోటా అని రెండు చేశారు, పెట్టెతో ఇచ్చిన పుస్తకంలో ఆ ఊసే లేదు.

ఇంకో లోటు, తోకున్న జూస్పోర్ స్లైడ్ ఒక్కటీ లేదు. నీటి శిలీంధ్రం అల్లోమైసిస్ అయినా పెట్టాల్సింది, మన దేశంలో పనిచేసిన శిలీంధ్ర శాస్త్రవేత్త బట్లర్ 1911లో వర్ణించిన ప్రజాతి అది.

ఒక స్లైడ్‌కి కవర్‌స్లిప్ చిట్లి ఉంటే షాపాయన మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు, అది మెచ్చుకోవాలి. తీసుకునేవాళ్లు అల్బుగో బదులు అల్లోమైసిస్ ఇస్తారేమో అడిగి చూడండి, ఎందుకంటే తెల్ల తుప్పు తెగులు కావాలంటే తోటకూర ఆకు అడుగున తెల్ల బొబ్బలు గీకి స్లైడ్ చేసుకోవచ్చు. లేబుళ్ల మీద కొత్త కాగితం మీరే అంటించుకోండి.