జాగ్రత్త: ‘ఏంజెల్ బీట్స్’ ప్రీక్వెల్ యానిమే అని అమ్ముతున్న సెట్ కొనకండి

‘ఏంజెల్ బీట్స్ ప్రీక్వెల్ యానిమే, పూర్తి సెట్’ అని ఆన్‌లైన్‌లో ఎక్కడైనా కనబడితే దయచేసి ఆర్డర్ పెట్టకండి. ‘ఏంజెల్ బీట్స్’ అనేది చనిపోయాక చేరే ఒక లోకంలోని స్కూల్లో జరిగే జపాన్ యానిమే (యానిమేషన్) టీవీ సిరీస్. దానికి ముందు జరిగిన కథ, అంటే ప్రీక్వెల్, యానిమేగా అసలు రానే లేదు. ప్రీక్వెల్ ఉన్న మాట నిజమే గానీ అది మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకం. పేరు ‘హెవెన్స్ డోర్’. కథ జున్ మయెదాది, బొమ్మలు యురికో అసామివి. టీవీ సిరీస్ వచ్చిన 2010లోనే జపాన్‌లో పత్రికలో సీరియల్‌గా మొదలై 11 వాల్యూములు వచ్చింది. ఇంగ్లిష్‌లో సెవెన్ సీస్ వాళ్లు వేశారు.

నాకు కావాల్సింది ఆ పుస్తకాలే. ‘ఒరిజినల్ ఇంపోర్టెడ్, ప్రీక్వెల్ యానిమే డిస్క్ ఉచితం’ అని రాసి ఉన్న చోట కొన్నాను. పార్శిల్ విప్పితే అట్ట మాత్రం తళతళలాడుతోంది, లోపలంతా జిరాక్స్. మడత దగ్గర మాటల బుడగలు సగానికి తెగిపోయాయి. కథలో ముఖ్య పాత్ర అయిన కనాదె అనే అమ్మాయి యూనిఫాం మీద సన్నటి చుక్కలతో వేసే షేడింగ్ ముద్దయిపోయి బూడిద మరకలా తేలింది. నల్లగా ఉండాల్సిన రాత్రి సీన్లు వెలిసిపోయిన గుడ్డలా ఉన్నాయి. వెనక అట్ట మీది బార్‌కోడ్‌ని ఫోన్‌తో స్కాన్ చేస్తే వేరే ఏదో పుస్తకం చూపించింది.

ఇక ఆ ‘ప్రీక్వెల్’ డిస్క్ సంగతి. అందులో ఉన్నది ‘స్టెయిర్‌వే టు హెవెన్’ అనే స్పెషల్ ఎపిసోడ్. అది మెయిన్ కథ మధ్యలో జరిగేది, ముందు జరిగేది కాదు. సిరీస్ చూడనివాళ్లకు ఈ తేడా తెలిసే వీలు లేదు, అమ్మేవాళ్ల ధీమా కూడా అదే. 2015లో వచ్చిన ‘హెల్స్ కిచెన్’ స్పెషల్‌ని కూడా ఇలాగే ప్రీక్వెల్ అని అంటగడితే నమ్మకండి.

డిస్కులు నిజంగా ఒరిజినలే అయినా ఇంకో చిక్కుంది. ఏ డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో రీజియన్లుగా విడదీస్తారు. బ్లూరేలకు జపాన్, అమెరికా రీజియన్ ఎ కిందకు వస్తాయి, మన దేశం రీజియన్ సి. డీవీడీల్లో అమెరికా 1, జపాన్ 2, మనం 5. రీజియన్ లాక్ ఉన్న డిస్క్ అయితే ఇక్కడ కొన్న ప్లేయర్‌లో ఆడదు. కొనేముందు బాక్స్ వెనక వైపు ఫోటో అడగండి, రీజియన్ గుర్తు అక్కడే ఉంటుంది. ఫోటో పంపడానికి నసిగితే వదిలేయండి.

ఇంతకీ ఈ మాంగా డబ్బు పెట్టదగినదేనా అంటే, సిరీస్ చూసినవాళ్లకు తప్పకుండా. 13 ఎపిసోడ్ల యానిమేలో అంతమంది పాత్రలకు చోటు చాల్లేదు. ఇక్కడ ఆ లోటు చాలావరకు తీరుతుంది. సిరీస్ హీరో ఒతొనాషి ఆ లోకానికి రాకముందు, తర్వాత దళం లీడర్ అయ్యే యూరి, ఆమె స్నేహితుడు హినాతా ఎలా కలిశారు, దేవుడి మీద తిరగబడే దళాన్ని ఏమీ లేని చోట ఎలా కట్టుకొచ్చారు అన్నదే కథ. యానిమేలో యూరి మొదటి సీన్ నుంచే తిరుగులేని లీడర్. ఇక్కడ ఆమె తడబడుతుంది, కోపంలో తప్పు నిర్ణయాలు తీసుకుంటుంది, హినాతా వాటిని సర్దుకొస్తాడు. ఆ ఇద్దరి స్నేహం చదివాక యానిమేలో వాళ్ల మధ్య మామూలు మాటలు కూడా బరువుగా వినిపిస్తాయి. మూడో ఎపిసోడ్‌కే కథలోంచి వెళ్లిపోయే గాయని ఇవసావాను, ఆమె బ్యాండ్‌ను ఇంకాసేపు చూడగలగడం నాకైతే పెద్ద సంతోషం.

లోపాలూ ఉన్నాయి. అక్కడ అందరూ అప్పటికే చనిపోయినవాళ్లు, దెబ్బ తగిలినా మళ్లీ లేస్తారు. యానిమేలో టెన్షన్ అంతా ‘మనసు నిండితే మాయమైపోతారు’ అన్న నియమం నుంచి వస్తుంది. ప్రీక్వెల్‌లో ఆ భయం లేదు, ముఖ్యులంతా తర్వాత కథలో ఉండాలి కాబట్టి. అందుకే పోరాటాలు కొన్నిచోట్ల సాగదీసినట్టుంటాయి, ఒకే రకం కామెడీ మళ్లీ మళ్లీ వస్తుంది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది కనాదె విషయం. అందరూ ఆమెను దేవదూత అంటారు, ‘నేను దేవదూతను కాదు’ అని ఆమె మొదటి ఎపిసోడ్‌లోనే చెబుతుంది. ఆ అమ్మాయి మనసు తెరుచుకునేది ఒతొనాషి వల్ల. అతను లేని కథలో ఆమె చాలావరకు కత్తి పట్టిన ప్రత్యర్థిగానే మిగిలిపోయింది. దేవదూతల కథ కదా అని ముందు ఇదే కొంటే నిరాశే. ముందు సిరీస్ చూడండి, తర్వాత పుస్తకం.

అమ్మినవాళ్లు ‘సీల్ విప్పాక రిటర్న్ లేదు’ అంటున్నారు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు. ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు డెలివరీకి ముందే క్యాన్సిల్ చేసుకోండి. కుదరకపోతే పార్శిల్ విప్పడం మొదటి నుంచి వీడియో తీయండి, బార్‌కోడ్ స్కాన్ కూడా అందులోనే చూపించండి. లిస్టింగ్ పేజీ స్క్రీన్‌షాట్ ఇవాళే తీసి పెట్టుకోండి, నేను ఫిర్యాదు పెట్టిన మర్నాటికే వాళ్లు అందులోంచి ‘ఒరిజినల్’ అన్న మాట తీసేశారు.