1876 మ్యాపు వేసిచ్చిన చిక్కడపల్లి ప్రింటింగ్ షాపు

అశోక్ నగర్‌లో గ్రూప్స్ రాసే పిల్లలకు పాలిటీ చెబుతాను. మన రాష్ట్రపతి ఎన్నికలో ఓటు విలువ గురించి చెప్పేటప్పుడు, పోల్చి చూపడానికి అమెరికా 1876 ఎన్నిక ఎత్తుకుంటాను. బోర్డు మీద సుద్దముక్కతో గీస్తే వెనక బెంచీలకు ఏమీ అర్థం కావడం లేదని, ఈసారి నాలుగడుగుల వెడల్పుతో గోడ మ్యాపు వేయించాలనుకుని ఈ షాపుకు వెళ్లాను.

అక్కడ ప్రెసిడెంటును ఎన్నుకునేది నేరుగా జనం కాదు, ఒక్కో రాష్ట్రం తరఫున ఎంపికైన ఎలక్టర్లు. వాళ్లు వేసేవే ఎలక్టోరల్ ఓట్లు. ఆ ఏడాది పోటీ రిపబ్లికన్ హేస్‌కూ డెమొక్రాట్ టిల్డెన్‌కూ మధ్య. బయట దొరికే మ్యాపుల్లో ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరోలినాలకు నేరుగా హేస్ రంగు పూసేస్తారు. అలా పూస్తే అసలు కథంతా పోతుంది. నవంబరులో లెక్క తేలేసరికి టిల్డెన్‌కు ఖాయమైన ఎలక్టోరల్ ఓట్లు 184, గెలవడానికి కావలసినవి 185. హేస్‌కు 165. మిగిలిన 20 మీద నాలుగు నెలలు దేశమంతా టెన్షన్. అందుకే ఆ మూడు రాష్ట్రాలకూ రెండు రంగుల చారలు అడిగాను. ఒరెగాన్‌కు సన్నటి చార ఒక్కటి చాలు. అక్కడి మూడు ఓట్లలో పేచీ ఒక్కదానికే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఎలక్టర్ కాకూడదు, ఎన్నికైనాయనేమో పోస్ట్‌మాస్టర్ ఉద్యోగంలో ఉన్నాడని అడ్డం పెట్టారు.

మొదటి ప్రూఫ్ చూసి ప్రాణం ఉసూరుమంది. ఇప్పటి అమెరికా మ్యాపు పెట్టేశారు! అప్పుడున్నవి 38 రాష్ట్రాలే. డకోటా, మోంటానా, యూటా, అరిజోనా ఇంకా టెరిటరీలు, అంటే రాష్ట్ర హోదా రాని ప్రాంతాలు, వాటిని తెల్లగా వదలాలి. కొలరాడో ఆ ఆగస్టులోనే రాష్ట్రమైంది. అక్కడ ప్రెసిడెంటు కోసం జనం ఓటే వేయలేదు, శాసనసభే ముగ్గురు ఎలక్టర్లను ఎంచింది. ముగ్గురూ హేస్‌కే.

కంప్యూటర్ ముందున్న కుర్రాడికి ఇదంతా చెబితే విసుక్కోకుండా ఒక్కో టెరిటరీ రంగూ తీసేశాడు. కాసేపటికి తనే ఆగి, "మేడమ్, కింద 20 అని రాసిన్రు, పైన కూడితే 15 వస్తున్నయ్" అన్నాడు. చూస్తే, నా చేతిరాతలో లూసియానా 8 అతనికి 3లా కనిపించింది. ఫ్లోరిడా 4, లూసియానా 8, సౌత్ కరోలినా 7, ఒరెగాన్ 1. ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టేయకుండా కూడి చూసే మనిషి ప్రింటింగ్ షాపులో దొరకడం నాకు ఇదే మొదటిసారి.

"ఎక్కువ ఓట్లొచ్చినాయన ఎట్ల ఓడిపోయిండు మేడమ్?" అనీ అడిగాడు. టిల్డెన్‌కు దేశం మొత్తం మీద దాదాపు రెండున్నర లక్షల ఓట్లు ఎక్కువే. కానీ ఈ పేచీ తేల్చడానికి అమెరికా కాంగ్రెస్ వేసిన 15 మంది కమిషన్ 8–7 తేడాతో ఆ 20 ఓట్లూ హేస్‌కే ఇచ్చింది. 1877 మార్చి 2న ఫలితం 185–184. ఏప్రిల్‌లో సౌత్ కరోలినా, లూసియానా రాజధానుల్లో కాపలా ఉన్న కేంద్ర సైన్యాన్ని వెనక్కి పిలిచారు. అక్కడి నల్లజాతి ఓటర్లకు ఉన్న కాస్త అండా పోయింది. నన్ను ఎప్పుడూ కలతపెట్టేది ఈ భాగమే. ఆ రెండు రాష్ట్రాల పక్కన ఆ మాట చిన్న అక్షరాల్లో వేయించాను. మూడు గజాల దూరం నుంచీ చదవగలుగుతున్నారు, ప్రింటు అంత స్పష్టంగా వచ్చింది.

లోపాలూ చెప్పాలి. రెండు రోజులు ఆలస్యం చేశారు. అడగకుండా గ్లాసీ లామినేషన్ వేశారు. క్లాసులో ట్యూబ్‌లైటు వేయగానే సరిగ్గా ఫ్లోరిడా మీద మెరుపు కొట్టి చారలు కనబడలేదు. తీసుకెళితే, మారు మాట్లాడకుండా మ్యాట్‌లో మళ్లీ వేసిచ్చారు, డబ్బు తీసుకోలేదు. మీరు వెళితే మ్యాట్ అని ముందే చెప్పండి.

వచ్చే నెల 1824 ఎన్నిక మ్యాపు కూడా ఇక్కడే ఇస్తున్నాను. ఓట్లు నలుగురికి చీలిన ఏడాది అది, కాబట్టి నాలుగు రంగులు కావాలి. రాష్ట్రాలు 24 అని కాగితం పైనే పెద్దగా రాసి పెట్టాను.