రామప్పా, పాకాలా, కెరమెరి ఘాటా: సైకిల్‌కు ఏ దారి మేలు?

మా హన్మకొండలో ఎవరైనా కొత్తగా గేర్ సైకిల్ కొన్నారంటే రెండో ఆదివారానికే రామప్ప మాట ఎత్తుతారు. నేనూ అలాగే ఎత్తాను. నాలుగేళ్లలో ఆ దారిన ఆరేడుసార్లు పోయొచ్చాక చెబుతున్నాను: గుడి కోసమైతే రామప్ప పోవాలి, సైకిల్ కోసమైతే పాకాల చెరువు వైపు పోవాలి. ఘాట్ ఎక్కాలన్న కోరిక ఉంటే ఈ రెండూ పనికిరావు, కెరమెరి పోవడానికి కాజీపేటలో రైలెక్కాల్సిందే.

వరంగల్ చుట్టూ మనం కొండలు అనుకునేవన్నీ గుట్టలే. ములుగు వైపు పోయినా, నర్సంపేట వైపు పోయినా అడవిలో రోడ్డు లేస్తూ పడుతూ పోతుంది తప్ప గంటసేపు ఆగకుండా ఎక్కే ఎక్కుడు ఎక్కడా దొరకదు. అందుకే ఇక్కడి దారులను నేను ఎత్తుతో కొలవను. వెనక నుంచి హారన్ వినపడకుండా ఎంతసేపు తొక్కగలను, అదొక్కటే నా కొలత.

ఆ కొలతతో చూస్తే రామప్ప దారి మొదటి యాభై కిలోమీటర్లలోనే ఓడిపోతుంది. హన్మకొండ నుంచి ఆత్మకూరు మీదుగా ములుగు దాకా పోయేది 163 నంబరు జాతీయ రహదారి. హైదరాబాద్ నుంచి ఏటూరునాగారం మీదుగా ఛత్తీస్‌గఢ్ పోయే బండ్లన్నీ దీనిమీదే. వాటికి తోడు గోదావరి ఇసుక లారీలు. నిండు లారీ పక్కనుంచి పోతే ముందు గాలి మనల్ని బయటికి నెడుతుంది, అది దాటగానే లోపలికి గుంజుతుంది. ఆ రెండింటి మధ్య హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, పైన కప్పిన పరదా అంచుల నుంచి రాలే ఇసుక కళ్లలో పడకుండా తల వంచుకోవాలి. మొదటిసారి పోయినప్పుడు ములుగు చేరేసరికి నా కాళ్లు బాగానే ఉన్నాయి, భుజాలు మాత్రం పట్టేశాయి. యాభై కిలోమీటర్లు టెన్షన్‌తో బిగబట్టుకుని తొక్కితే అంతే మరి.

ములుగు దాటి జంగాలపల్లి దగ్గర వెంకటాపూర్ వైపు తిరిగాక లోకం మారిపోతుంది. చెరువు నీళ్ల పొలాలు, కట్టల మీద తాళ్లు, పాలంపేట దాకా రోడ్డు మీద ఎక్కువగా కనపడేవి ట్రాక్టర్లూ, బళ్లకు పోయే పిల్లలూ. అసలు అందమంతా ఈ చివరి పది, పదిహేను కిలోమీటర్లలోనే ఉంది. గుడి గురించి కొత్తగా చెప్పేదేముంది? గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. ఆ తర్వాత ఆదివారాలు కార్లు పెట్టడానికే చోటు చాలడం లేదు. సైకిల్‌ను చెట్టుకు ఆనించి లోపలికి పోయొస్తే క్యారియర్‌కు కట్టిన సంచిని కోతులు విప్పేశాయి. అరటిపండ్లు పోతే పోయాయి, ఓఆర్ఎస్ పొట్లాలు కూడా చింపి పారేశాయి.

హైవే తప్పించుకుందామని పరకాల మీదుగా గణపురం చేరి, కోటగుళ్లు చూసుకుని అటునుంచి రామప్ప వచ్చేవాళ్లున్నారు. ఆలోచన మంచిదే. కానీ భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ ప్లాంటు. అంటే పరకాల రోడ్డు మీద ఇసుకకు బదులు బొగ్గు, బూడిద. తెల్ల చొక్కా వేసుకుని పోయిన మా మిత్రుడు ఇంటికొచ్చేసరికి వాళ్లావిడ గుర్తుపట్టలేదంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టే, చొక్కా మాత్రం మళ్లీ తెల్లబడలేదు.

లక్నవరం కలుపుకుంటే రామప్ప దారికి రెండో రోజు దొరుకుతుంది. మళ్లీ హైవే ఎక్కి బుస్సాపూర్ దగ్గర లోపలికి తిరిగాక చెరువు దాకా ఏడెనిమిది కిలోమీటర్లు. పొద్దున్నే పోతే ఆ ముక్క బంగారం. పదకొండు దాటాక వేలాడే వంతెన చూడ్డానికి వచ్చే కార్లు, వ్యాన్లు, వాటిలోంచి డీజే పాటలు. రాత్రి హరిత కాటేజీలో ఉండి తెల్లవారి బయల్దేరితేనే ఆ దారి మనకు ఖాళీగా దొరుకుతుంది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం పోనే పోవద్దు.

ములుగు వైపుకు ఇంకో లెక్క కూడా ఉంది, మేడారం. జాతర రెండేళ్లకోసారి. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా. జాతర నాలుగు రోజులే కదా అనుకోవద్దు. ముందే మొక్కులు చెల్లించుకునేవాళ్లు రెండు నెలల ముందు నుంచే బయల్దేరతారు. బెల్లం గంపలు, మేకలు, జనంతో నిండిన డీసీఎంలు, ఆటోలు. ఆ చలికాలంలో అటు సైకిల్ తొక్కే ఆలోచన మానుకుని మొక్కు ఉంటే బస్సులో పోవడం మేలు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి గురించి అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తాను: అడవి దట్టమైనదే, కానీ దాన్ని చీల్చుకుని పోయేది అదే హైవే.

ఇక పాకాల. వరంగల్ నుంచి గొర్రెకుంట, గిర్నిబావి మీదుగా నర్సంపేట సుమారు నలభై కిలోమీటర్లు. ఇదీ ఖాళీ రోడ్డేమీ కాదు. బస్సులు, ఆటోలు, కాలేజీ బండ్లు ఉంటాయి, మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే బస్తాల బండ్లుంటాయి. ఆ రోజుల్లో ఊరు దాటేదాకా గాలికే దగ్గొస్తుంది. అయినా ఈ బండ్లన్నీ ఊళ్ల మధ్య తిరిగేవి, మనల్ని చూసి జరుగుతాయి. ఛత్తీస్‌గఢ్ చేరాలన్న తొందరలో ఉన్న లారీ డ్రైవర్‌కూ, గిర్నిబావిలో దిగే ఆటో డ్రైవర్‌కూ తేడా సైకిల్ మీద కూర్చుంటేనే తెలుస్తుంది.

నర్సంపేట దాటి ఖానాపూర్, అశోక్‌నగర్ వైపు పట్టాక హారన్ల మోత ఒక్కొక్కటే తగ్గిపోతుంది. అశోక్‌నగర్‌లో చాయ్ తాగి చెరువు కట్ట మీదికి పోయేసరికి నాకు వినపడేవి గొలుసు చప్పుడు, పిట్టలు, అంతే. కాకతీయుల కాలపు చెరువు, గణపతిదేవుడి నాటిది. రామప్ప గుడి లేచిన రోజుల్లోనే ఈ కట్టా లేచింది. గుడికి దక్కినంత పేరు దీనికి దక్కలేదు. ఒకరకంగా మనకదే లాభం. వానాకాలం మత్తడి దుంకేటప్పుడు జనం వస్తారు, మిగతా రోజుల్లో చేపలు పట్టేవాళ్లు, మేకల కాపర్లు.

నేను పాకాలను ముందు పెట్టేది చెరువు ఒక్కదాని కోసం కాదు, దాని అవతల కొత్తగూడ వైపు పోయే అడవి రోడ్డు కోసం. అక్కడ మహబూబాబాద్ జిల్లా కోయగూడేలు మొదలవుతాయి. రోడ్డు చిన్నగా లేస్తుంది, వాగు దగ్గర దిగుతుంది, మళ్లీ లేస్తుంది. సింగిల్ స్పీడ్ సైకిల్‌తో కూడా దిగకుండా తొక్కేయొచ్చు. ఫిబ్రవరి చివర మోదుగులు పూసినప్పుడు ఆకులన్నీ రాలిపోయిన అడవిలో ఆ ఎరుపొక్కటే ఉంటుంది. గంటకు పైగా తొక్కితే నాకెదురైన బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, వాటిలో ఒకటి ఆర్టీసీ పల్లెవెలుగు.

ఈ దారికీ తిప్పలు లేకపోలేదు. మార్చి చివర, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు వాటి కోసం చెట్ల కిందికి వస్తాయి. గూడెం వాళ్లు పూలేరడానికి ఒంటరిగా పోరు. మనమూ ఎండపొద్దు పొడిచాకే అడవిలో అడుగుపెట్టాలి, చీకటి పడకముందే బయటపడాలి. వానాకాలం వాగులు పొంగితే దారి బందే. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. అశోక్‌నగర్ దాటాక తిండి దొరకదనే అనుకుని సంచిలో సర్వపిండి, బెల్లం పెట్టుకుని పోతాను. నీళ్లు గూడెంలో ఏ ఇంటి ముందు ఆగి అడిగినా పోస్తారు. కుక్కలు మాత్రం గూడెం గూడేనికీ కొత్తగా పరిచయం చేసుకోవాలి. సైకిల్ దిగి నడిస్తే సగం కుక్కలు అక్కడే ఆగిపోతాయి.

వీటన్నిటికన్నా పెద్ద సమస్య మక్కలు, అంటే మొక్కజొన్నలు. యాసంగి కోతలప్పుడు, మళ్లీ దీపావళి ముందూ వెనకా, సగం రోడ్డు మక్కలకు, వడ్లకు ఆరబోత జాగా. అంచున వరసగా రాళ్లు పేరుస్తారు. పోయిన వేసవిలో ఎదురుగా ట్రాక్టర్ వస్తే తప్పుకోవడానికి మక్కల మీదికి ఎక్కించాను. సన్న టైరు కింద మక్కలు గోలీల్లా జారాయి, సైకిల్ అటు, నేనిటు. లేచి మోకాలు చూసుకునేలోపే చెట్టుకింది నుంచి ఓ అవ్వ లేచింది.

"కండ్లు కనవడ్తలేవా బిడ్డా? మక్కల మీద తోలుతవా?"

"ట్రాక్టర్ వచ్చిందవ్వా…"

"వస్తే దిగాలె. దెబ్బ తాకిందా? కూసో, నీళ్లు తాగు."

నీళ్లు తాగి, చెదిరిన మక్కలు ఆమెతో కలిసి చేతులతో దగ్గరికి లాగి, ముందు చక్రం వంకర సరిచేసుకునేసరికి అరగంట. ఆ అరగంటలో ఆ రోడ్డు మీద ఒక్క కారు రాలేదు. రాళ్లు పేర్చిన రోడ్డు మీద కార్లకు పని ఉండదు. కాబట్టి మక్కల రోజులు సైకిల్‌కు చెడ్డవా, మంచివా అనేది నేనింకా తేల్చుకోలేదు. చీకట్లో మాత్రం ఆ రాళ్లు ప్రాణం తీస్తాయి, ఆ రోజుల్లో సాయంత్రం ఆరు దాటాక తొక్కవద్దు.

మూడోది ఈ రెండింటి పక్కన పెట్టి కొలిచేది కాదు. ఉత్తర తెలంగాణలో కొండ అనదగ్గ కొండ కావాలంటే పాత ఆదిలాబాద్ జిల్లాయే. ఆసిఫాబాద్ నుంచి జైనూర్, ఉట్నూర్ వైపు పోయే రోడ్డులో కెరమెరి ఘాట్ ఉంది. మూలమలుపులు, ఒకపక్క లోయ, టేకు అడవి. ఇక్కడ గేర్లు ఉండాల్సిందే, బ్రేకు రబ్బర్లు కొత్తవి ఉండాల్సిందే. అదే మండలంలో హట్టి నుంచి లోపలికి పోతే జోడేఘాట్, 1940లో కుమ్రం భీం నేలకొరిగిన చోటు. స్మారకం, గిరిజన మ్యూజియం ఉన్నాయి. ఆశ్వయుజ పౌర్ణమికి ఆయన వర్ధంతి, ఆ ఒక్కరోజు రోడ్డు నిండుతుంది. దీపావళి రోజుల్లో అయితే నెమలి ఈకల టోపీలతో గుస్సాడీ ఆడేవాళ్లు ఊరి నుంచి ఊరికి పోతుంటారు. "రామ్ రామ్" అంటే "రామ్ రామ్" అంటారు.

అక్కడిదాకా సైకిల్‌ను చేర్చడమే అసలు ఘాట్. రైల్లో సైకిల్‌ను లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో వేయాలి. ఆసిఫాబాద్ రోడ్ లాంటి స్టేషన్‌లో బండి ఆగేది నిమిషమో రెండో, అంతలో వ్యాన్ తెరిచి దింపడం జరిగే పని కాదు. నేను కాగజ్‌నగర్ దాకా బుక్ చేస్తాను. అక్కడితో ఆగిపోయే బండి అయితే తీరిగ్గా దింపుకోవచ్చు, అటునుంచి ఆసిఫాబాద్ సుమారు ముప్పై కిలోమీటర్లు. తిరుగుదారికి ఉట్నూర్ నుంచి కవ్వాల్ అడవి మీదుగా జన్నారం దిగి, లక్సెట్టిపేట మీదుగా మంచిర్యాలలో రైలెక్కుతాను. మొత్తానికి మూడు రోజులు సెలవు పెట్టాలి. ఇది పులులు తిరిగే ప్రాంతం, మహారాష్ట్ర నుంచి దాటి వస్తుంటాయి. పగటిపూట తప్ప కదలవద్దు. చలికాలంలో తెల్లవారుజామున చలి ఒంటి అంకెకు దిగుతుంది, వరంగల్ స్వెట్టర్ ఆగదు.

ఇంకొకటి, ఎటు పోయినా గుర్తుంచుకోవాల్సింది. మన హైబ్రిడ్ సైకిళ్ల 700 సైజు ట్యూబు నర్సంపేటలోనే దొరకదు, కెరమెరిలో అసలే దొరకదు. సన్నటి వాల్వుకు పల్లె షాపు పంపు పట్టదు. రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, పంపు ఇంటి నుంచే పోవాలి, తుమ్మముల్లు మూడు దారుల్లోనూ సమానంగానే గుచ్చుకుంటుంది.

కొత్తగా కొన్నవాళ్లు నన్నడిగితే పాకాలే చెబుతాను. నర్సంపేటలో లాడ్జి తీసుకుని, మర్నాడు కొత్తగూడ రోడ్డు తొక్కి, మూడో పూటకు ఇంటికి. దీపావళికి నేను మాత్రం కెరమెరికి సెలవు పెట్టేశాను. తెల్ల చొక్కా మిత్రుడు ఇంకా రామప్పే అంటున్నాడు, ఇల్లాలు బస్సులో వస్తుందట, గుడి దగ్గర కలుసుకుంటారట. సరే, అయితే ఆదివారం వద్దు, మంగళవారం పొమ్మన్నాను. అరటిపండ్లు కూడా సంచిలో పెట్టొద్దన్నాను.