సీడీలు రిప్ చేయాలంటే ఏది మేలు: ఫ్లాకా, ఎంపీత్రీనా?

బీరువాలో పడి ఉన్న సీడీలను కంప్యూటర్లోకి ఎక్కించాలి (అదే రిప్ చేయడం), ఏ ఫార్మాట్ పెట్టాలి అని నల్లగొండ నుంచి, దేవరకొండ నుంచి అడుగుతూనే ఉన్నారు. నేనైతే ఫ్లాక్ (సీడీలోని ఆడియోను ఏమీ పోకుండా కుదించే ఫార్మాట్) అంటాను, కానీ సౌండ్ కోసం కాదు.

320 కేబీపీఎస్ (ఎంపీత్రీలో అన్నిటికన్నా ఎక్కువ క్వాలిటీ) ఎంపీత్రీకీ ఫ్లాక్‌కీ తేడా మామూలు ఇయర్‌ఫోన్లలో నాకు తెలియదు, అద్దాలు దించి హైవే మీద పోయేవాళ్లకు అసలే తెలియదు. గంట సీడీ ఎంపీత్రీలో 145 ఎంబీ దాకా అయితే ఫ్లాక్‌లో 300-400 పడుతుంది, పాత కారు స్టీరియోల్లో చాలావాటికి ఫ్లాక్ ఎక్కదు కూడా.

అయినా ఫ్లాక్ ఎందుకంటే, అందులోంచి ఎంపీత్రీ ఎప్పుడైనా తీసుకోవచ్చు, ఎంపీత్రీ సైజు తగ్గించడానికి కొంత సౌండ్ తీసేస్తుంది, అలా ఒకసారి పోయింది మళ్లీ రాదు. సినిమా పాటలైతే ఏదో ఒక యాప్‌లో దొరుకుతాయి, సరే. జాతరలో కొన్న ఒగ్గు కథ, ఊళ్లోవాళ్లు పాడి రికార్డు చేయించుకున్న బతుకమ్మ పాటలు ఎక్కడ దొరుకుతాయి? మీ దగ్గరున్న సీడీయే ఆఖరిది కావచ్చు.

అలాంటి సీడీలతోనే అసలు చిక్కు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే రిప్పింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే అక్యురేట్‌రిప్ మన కాపీని ఇతరుల కాపీలతో పోల్చి చూస్తుంది, ఆ సీడీని ఇంకెవరూ రిప్ చేయకపోతే పోల్చడానికి ఏముంటుంది? అందుకే 'టెస్ట్ అండ్ కాపీ' పెట్టండి. ప్రతి ట్రాకునూ రెండుసార్లు చదువుతుంది, రెండు సీఆర్‌సీలూ (చదివిన డేటా నుంచి లెక్కగట్టే సరిచూపు నంబర్లు) కలిస్తే చాలావరకు నమ్మొచ్చు. కలవకపోతే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు తుడవండి, అప్పటికీ కాకపోతే వేరే డ్రైవులో పెట్టి చూడండి. తొందరపడి గీతలున్న సీడీని అలాగే లాగేస్తే ఆ టిక్కుటిక్కులు కూడా ఫ్లాక్‌లో ఏ నష్టమూ లేకుండా భద్రంగా ఉంటాయి!

అన్నట్టు, ముందు సీడీ తెరిచి చూడండి. వంద పాటలున్న ఎంపీత్రీ సీడీ అయితే రిప్ అక్కర్లేదు, ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలు. వీసీడీలో ఆడియో అప్పటికే 224 కేబీపీఎస్‌కి కుదించి ఉంటుంది, దాన్ని ఫ్లాక్ చేస్తే సైజు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

సెట్టింగులకు బుర్ర బద్దలు కొట్టుకోకండి. ఫ్లాక్ కంప్రెషన్ లెవెల్ (ఎంత గట్టిగా కుదించాలనేది) 5 అయినా 8 అయినా సౌండ్ ఒకటే. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ అలాగే ఉంచండి, 96కి పెంచితే సీడీలో లేనిది ఎక్కణ్నుంచి వస్తుంది?

కుదించని వేవ్ ఫార్మాట్‌లో పాట పేర్లు సరిగా నిలవవు, వదిలేయండి. ఐఫోన్ వాళ్లకు ఆలాక్ (ఫ్లాక్ లాంటిదే, ఆపిల్‌ది) ఓకే. కారు పెన్‌డ్రైవ్‌కి మాత్రం ఫ్లాక్ నుంచి లేమ్ అనే ఎంపీత్రీ ఎన్‌కోడర్‌తో వీ2 (క్వాలిటీ సెట్టింగ్) ఎంపీత్రీలు చేసుకోండి, సరిపోతాయి.