టేబులుకు డబ్బులు, పోటీకి డబ్బులు, డబ్బాలకూ డబ్బులు: నల్గొండ మోడళ్ల ప్రదర్శన

నల్గొండ స్కేల్ మోడళ్ల పోటీలో (అసలు వస్తువును కొలత ప్రకారం చిన్నదిగా చేసే మోడళ్లు) ఫీజు కట్టించుకునేటప్పుడు లేని రూలు మార్కులు వేసేటప్పుడు పుట్టుకొచ్చింది. స్టాలు పెట్టినవాళ్ల మోడళ్లు చూడ్డానికి మాత్రమేనట, వాటికి బహుమతి ఉండదట. రెండు మోడళ్లకు 300 చొప్పున 600 కట్టించుకున్న మనిషే, అదే రసీదు బుక్కు చంకలో పెట్టుకుని, ఈ మాట చెప్పాడు. "మరి పైసలు?" అని అడిగితే, "అది ఎంట్రీ ఫీజు సార్, ఎంట్రీ అయితే ఇచ్చినం గద" అన్నాడు. జవాబు తట్టలేదు.

సంగతి మొదటినుంచి చెప్తాను. మాకు మహబూబ్‌నగర్‌లో హాబీ సామాన్ల కొట్టు ఉంది. అతికించి మోడల్ చేసుకునే ప్లాస్టిక్ కిట్లు, సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ ఫోమ్ షీటు), రంగులు, చిన్న మోటర్లు, టైర్లు అమ్ముతాం. ఖాళీ దొరికితే నేనూ మోడళ్లు చేస్తా. నల్గొండలో స్కేల్ మోడళ్ల ప్రదర్శన, పోటీ రెండూ ఉన్నాయని తెలిసి, ఒక ఖర్చుతో రెండు పనులు అవుతాయని బయల్దేరాం. రానూపోనూ మినీ ట్రాలీకి 5,500. జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా రోడ్డు గురించి చెప్పుకోవాల్సిందేమీ లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: మే నెల ఎండలో టార్పాలిన్ కింద సన్‌బోర్డు నిలబెట్టి తెస్తే విల్లులా వంగుతుంది. అడుగున చదునుగా పరిచి, పైన బరువు పెట్టి, తెల్లారకముందే బయల్దేరాలి.

బస్టాండుకు దగ్గర కదా అని ఒక లాడ్జిలో దిగాం. పేరు రాయను. రూము రోజుకు 900 అన్నాడు, సరే అన్నాను. డబ్బాలు లోపలికి తెస్తుంటే మేనేజరు కౌంటర్ దాటి వచ్చాడు.

"వ్యాపారం సామానా సార్? రెండు డబ్బాలకు ఒక మనిషి లెక్క."

"ఆ డబ్బాలు నీ మంచం మీద పంటయా?" అని మా బామ్మర్ది లేచాడు.

"పండకున్నా జాగా అయితే పడ్తది గద తమ్మీ."

నాలుగు డబ్బాలు, ఇద్దరు మనుషులు, మనిషికి 150. అంటే రాత్రికి ఇంకో 300. పోటీకి చేసిన నా మోడల్ బస్సు ఉన్న డబ్బాను ట్రాలీలో వదిలేసే ధైర్యం లేక ఒప్పుకున్నా. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. గీజరు పొద్దున 6 నుంచి 7 దాకానే. ఏసీ రిమోటు కౌంటర్లో ఉంటుంది, రాత్రి పన్నెండు దాటాక అది ఇచ్చేవాడు ఉండడు. ఖాళీ చేసేటప్పుడు బిల్లు అడిగితే రెండు రాత్రులకు 1,800 మాత్రమే రాసిచ్చాడు. డబ్బాల కింద తీసుకున్న 600 కాగితం మీద లేదు. బామ్మర్ది ఆ బిల్లు వెనకాల "డబ్బాలు నలుగురు" అని రాసి వాడి టేబుల్ మీద పెట్టి వచ్చాడు. స్నేహితుడి పెళ్లి మానుకుని నాతో వచ్చాడు పాపం, ఆ మాత్రం కోపం ఉంటుంది.

ప్రదర్శన ఒక ఫంక్షన్ హాల్లో. టేబులుకు రెండు రోజులకు 1,500, కరెంటు పాయింటుకు వేరే 200. మాకిచ్చిన టేబులు సరిగ్గా వంటింటి తలుపు పక్కన. ముందొచ్చినవాళ్లకు ముందు వరస అన్నారు, కానీ మా తర్వాత వచ్చిన ఇద్దరు స్టేజీ ముందు కూర్చున్నారు. పైగా మా పాయింటు నుంచే జ్యూసులవాడికీ వైరు లాగారు. వాడు మిక్సీ తిప్పినప్పుడల్లా మా బస్సులో బల్బులు మసకేసేవి. తాలింపు వేసినప్పుడల్లా వచ్చే నూనె పొగ మ్యాట్ రంగు మీద పడకుండా బామ్మర్ది అట్టముక్క అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. అసలు అమ్మకం వాడే చేయాల్సింది.

వ్యాపారం చేసేవాళ్ల కోసం ఈ ముక్క. జిల్లా ఊళ్లకు ఖరీదైన కిట్లు మోసుకెళ్లొద్దు. 1/35 స్కేలు (అసలు సైజులో 35వ వంతు) టమియా కంపెనీ ట్యాంకు కిట్టు, 2,800ది, రెండు రోజులూ అందరూ డబ్బా తిప్పి చూసి ఫొటో దిగి వెళ్లారు. 1/72 ఎయిర్‌ఫిక్స్ కంపెనీ విమానాల్లో ఒక్కటే అమ్ముడుపోయింది. మరి అమ్ముడైనవేంటి? అయిదు ఎంఎం సన్‌బోర్డు ముక్కలు 60కి, రబ్బరు టైర్ల సెట్టు 80కి, ఎల్ఈడీ బల్బులు 5కి, కటింగ్ బ్లేడ్లు. ఎందుకంటే ఇక్కడి పిల్లలు కిట్లు అతికించరు. ఊళ్లో తిరిగే బస్సును, లారీని, ట్రాక్టరును ఫోన్లో ఫొటో తీసుకుని, కొలతలు వాళ్లే లెక్కగట్టి చేస్తారు. మధ్యాహ్నానికి టైర్లు అయిపోయాయి. చిల్లర బాగా ఉంచుకోండి. హాల్లో సిగ్నల్ లేక సౌండ్ బాక్సు మూగపోతుంది, డబ్బులు పడ్డాయో లేదో తెలియక అవతలివాడూ మనమూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి.

ఇక నా బస్సు. పాత ఎర్రబస్సు, 1/24. అంటే నా బస్సులు 24 వరసగా పేరిస్తే అసలు బస్సంత పొడవు. పదకొండు మీటర్లది 46 సెంటీమీటర్లకు వచ్చింది. వెనక నిచ్చెన, పైన క్యారియరు, కిటికీలకు అడ్డం కడ్డీలు, నంబరులో జెడ్. మన వైపు ఆర్టీసీ నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో మొదలైంది. ఆ జెడ్ నిజాం తల్లి జహ్రా బేగం పేరులోదని చెప్పుకుంటారు. లోపల కండక్టరు చేతికందేలా పైకప్పు పొడవునా గంట తాడు కట్టాను, కుట్టుదారానికి నూనె మసి పూసి.

ఖాకీ రంగు వెలిసిన చొక్కాతో ఒక పెద్దాయన వచ్చి ముందు తలుపులోంచి తొంగి చూశాడు. రిటైరైన కండక్టరట. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చిటికెనవేలు దూర్చి ఆ దారాన్ని రెండుసార్లు మెల్లగా లాగి, "రైట్ రైట్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "రెండో సీటు కాడ తాడు సాగి కిందికి ఉంటుండె, ఇంత బిగువు ఉండకపోతుండె" అని తప్పు కూడా పట్టాడు. జడ్జీలు మాత్రం మా టేబులు దాకా రాలేదు.

మొదటి బహుమతి నాగార్జునసాగర్ డ్యాంకు. దాదాపు మూడు మీటర్ల పొడవు, నీళ్లు కూడా పారించారు, మోటరు పెట్టి. పని మంచిదే, కాదనను. కానీ ఒకాయన, సాగర్ వైపు మనిషే అయ్యుంటాడు, వేలు పెట్టి గేట్లు లెక్కపెట్టి "ఇరవై నాలుగే ఉన్నయేంది" అన్నాడు. సాగర్‌కు 26 గేట్లు. ఈ సంగతి జడ్జీలకు చెప్తే "జాగా సరిపోక తగ్గించిన్రు, ఓవరాల్ చూడాలె" అన్నారు. స్కేల్ మోడళ్ల పోటీలో జాగా సరిపోక గేట్లు తగ్గిస్తే మరి స్కేలు ఎందుకు?

నన్నడిగితే బహుమతి ఇవ్వాల్సింది ఇంటర్ చదివే ఒక పిల్లకు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చేసింది, సన్‌బోర్డుతో. కుందూరు చోళుల కాలపు గుడి అది. మూడు గర్భగుళ్లున్న త్రికూటాలయం. అందులో ఒక గర్భగుడిలో పగలంతా లింగం మీద నిలువునా ఒక నీడ పడి ఉంటుంది. ఆ పిల్ల గుడి పైకప్పు తీసి, స్తంభాలు చూపించి, మళ్లీ మూసి, టార్చి వెలుతురును బయట తెల్ల అట్ట మీద కొట్టింది. వెలుతురు నేరుగా కాకుండా చెదిరి పక్కల నుంచి లోపలికి వెళ్లి, స్తంభాల వల్ల నీడగా పడుతుందని చెప్పింది. టార్చి అటూ ఇటూ జరిపినా లోపల నీడ అక్కడే ఉంది. రంగు సరిగా అంటలేదు, ఒక స్తంభం వంకర. అయినా హాలు మొత్తంలో అసలు వస్తువు ఎలా పనిచేస్తుందో చూపిన మోడల్ అదొక్కటే. దానికి ప్రోత్సాహక బహుమతి, అంటే ఒక సర్టిఫికెట్టు. మా దగ్గర మిగిలిన సన్‌బోర్డు ముక్కలు ఆ పిల్లకిచ్చేశాను. బామ్మర్ది కిక్కురుమనలేదు, ఎలాగూ వాపసు మోయాల్సింది వాడే.

రెండో రోజు సాయంత్రం ఆ పిల్ల మాట మీదే పానగల్లు వెళ్లాం. ఊరికి దగ్గరే. గుడి తలుపు తెరిచే ఉంది, నీడ ఉంది, పక్కన ఉదయసముద్రం చెరువు మీద నుంచి గాలి. ఇంతకంటే రాయడానికి లేదు, వెళ్లి చూడండి.

తిరిగి వస్తూ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో భోజనం చేశాం. బోర్డు లేదు. ఒక అక్క కట్టెల పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేత్తో తడుతోంది. పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో ఒకసారి తుడిచి, తిప్పి, తీసి నిప్పుల వైపు నిలబెడితే రొట్టె పొంగేది. నాటుకోడి కూర, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ, రొట్టెలు మనిషికి 150. ఆ పచ్చిపులుసులో కాల్చిన ఎండుమిరపకాయ నలిపి వేసింది, వాసన ఇంకా ముక్కులో ఉంది. రెండో రొట్టె దగ్గర బామ్మర్ది, "బావా, ఇంకొంచెం కూర అడుగుదామా" అన్నాడు. పొద్దుటినుంచి వాడు నాతో అన్న మొదటి మాట. "తిను తమ్మీ, కూర ఎన్నిసార్లైనా వేస్త, పైసలు గవే" అంది ఆ అక్క. లాడ్జి మేనేజరును తీసుకొచ్చి ఆ పొయ్యి ముందు కూర్చోబెట్టాలనిపించింది.

లెక్క ఇది. ట్రాలీ 5,500, టేబులు కరెంటు 1,700, పోటీ 600, లాడ్జి డబ్బాలతో 2,400, తిండి 1,400. మొత్తం 11,600. అమ్మకం 38,250 అయినా, అందులో మాకు మిగిలేది 9,000 దాటదు. రెండు మోడళ్లు చూపించుకోవడానికి చేతి నుంచి 2,600 పెట్టుకున్నట్టు.

మీరు వెళ్తే ఏదో ఒకటే చేయండి. అమ్మదలిస్తే అమ్మండి, పోటీకొస్తే మోడల్ పక్కనే నిలబడండి. రెండూ చేయాలనుకుంటే స్టాలువాళ్లకు మార్కులు ఉంటాయో లేదో రసీదు మీదే రాయించుకోండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీరే తెచ్చుకోండి. టేబులు ఎక్కడో చూడకుండా డబ్బులు కట్టొద్దు. టైర్ల సెట్లు కనీసం వంద పట్టుకెళ్లండి. ఆరుగురు పిల్లలు నా నంబరు తీసుకున్నారు, అందరికీ లారీ సైజు టైర్లే కావాలట. వచ్చే వారం పార్సిల్ వేస్తున్నాం, చార్జీ వాళ్లదే.